ఇంగ్లీషులో లేని మొహమాటం

పోయిన శనివారం ఆష్‌బర్న్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. బేస్‌మెంట్‌లో భోజనాలు. ఇంటావిడ గారెల పళ్ళెం పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కాలేజీ అమ్మాయి ముందు ఆగి, "ఇంకొక్కటి వేసుకోమ్మా, నా కోసం" అంది. ఆ పిల్ల ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి, "నో ఆంటీ, అయామ్ గుడ్" అని నవ్వింది. అంతే. ఇంటావిడ కూడా ఏమీ అనుకోకుండా ముందుకు వెళ్ళిపోయింది. ఓస్, ఇంత సులువా అనిపించింది నాకు. అలా చెయ్యి అడ్డం పెట్టడం జన్మలో చేతకాని మనిషి ఒకావిడ గుర్తొచ్చింది.

ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. షాంటిలీలో మా వీధి చివర టౌన్‌హౌస్‌లో ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు దూరంగా ఫ్రీమాంట్‌లో. ఆవిడది అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో సైంటిస్టు ఉద్యోగం. ఈ దేశపు పల్లెల్లో ఊరి పంపు నీళ్ళు అందని ఇళ్ళు బోలెడు. ఎవరి బోరు వాళ్ళదే, ఎవరి నీళ్ళు వాళ్ళవే. ఆ బోరు నీళ్ళు పట్టుకొచ్చి, అందులో ఏముందో చూసి చెప్పడం ఆవిడ పని. పిల్లలందరూ 'వాటర్ ఆంటీ' అనేవాళ్ళు. మాకు వట్టి ఆంటీ.

ఆవిడ మొహమాటం గురించి మా వాళ్ళలో చెప్పుకోని వాళ్ళు లేరు. ఎవరింట్లో చీరల సేల్ పెట్టినా వెళ్ళి రెండు కొనుక్కొచ్చేది. కట్టేది మాత్రం ఎప్పుడూ అదే నీలం ప్యాంటు, అదే బూడిదరంగు స్వెటర్. ఇన్సూరెన్స్ అమ్మే కుర్రాళ్ళు కొత్తగా లైసెన్స్ తెచ్చుకోగానే మొదటి ఫోన్ ఆవిడకే చేసేవాళ్ళు. ఒకసారి మా ఇంట్లో నేను మతిమరుపుతో పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆవిడ మారడిగి మరీ తింది. తర్వాత నేను నోట్లో పెట్టుకున్నాక గాని సంగతి తెలియలేదు.

"చెప్పొచ్చు కదా ఆంటీ" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"కాస్త తగిలిందంతే అమ్మాయ్" అంది. ఆ తర్వాత గ్లాసు మీద గ్లాసు మజ్జిగ తాగింది పాపం.

ఇదే మనిషి ఇంగ్లీషులోకి మారితే చూడాలి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బాగుచెయ్యడానికి వచ్చినవాడు మొత్తం మార్చాల్సిందే అని బెదిరిస్తే, చేతిలో పెన్నుకి టక్కున క్యాప్ పెట్టి, "నో. దటీజ్ నాట్ ట్రూ" అనేది. గొంతు పెరగదు, మొహం మారదు. వాడు టూల్ బాక్స్ సర్దుకోవాల్సిందే. ఇద్దరు మనుషులు ఒకే ఒంట్లో కాపురం చేస్తున్నట్టు ఉండేది. అదేంటి ఆంటీ అని అడిగితే ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఇంగ్లీషులో నో అంటే మాట అయిపోతుంది. తెలుగులో వద్దు అంటే అక్కణ్ణించే కదా మొదలయ్యేది!"

ఈ దేశం మీద ఆవిడకున్న నమ్మకం కూడా ఆ 'నో'లోనే ఉండేది. సిటిజన్ అయిన దగ్గర్నుంచి ప్రతి ఎన్నికకీ సెలవు పెట్టి, స్కూల్ జిమ్‌లో పోలింగ్ టేబుల్ దగ్గర కూర్చునేది. సాయంత్రం కాళ్ళు వాచి ఇంటికొచ్చినా మొహం పెళ్ళి చేసొచ్చినట్టు వెలిగిపోయేది. "ఇక్కడ నాకు నచ్చింది ఒక్కటే అమ్మాయ్. శుక్రవారం బాస్‌కి నో చెప్పి, సోమవారం మళ్ళీ అదే సీట్లో కూర్చోవచ్చు" అనేది.

"అది మీకు ఆంటీ. మేం నో అంటే మంగళవారానికి సూట్‌కేసులు సర్దుకోవాలి" అనేవాడు మా ఆయన. ఆయనది ఇప్పటికీ హెచ్-వన్ వీసానే. గ్రీన్ కార్డ్ క్యూలో జుట్టు నెరిసిపోతోంది.

ప్రభుత్వం మారాక ఆవిడ ఆఫీసులోకి కొత్తవాళ్ళు వచ్చారు. సైన్స్ చదివినవాళ్ళు కారు. ఏ రిపోర్ట్ బయటికి వెళ్ళాలన్నా ముందు వాళ్ళు చూడాలి. మొదట్లో ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. "చూడనీ, చదివితే వాళ్ళకే మంచిది" అంది. ఒక శుక్రవారం సాయంత్రం మా కిచెన్‌లో స్టూల్ మీద కూర్చుని, నాతో పాటు చిక్కుడుకాయలు వలుస్తూ, ఉన్నట్టుండి అసలు సంగతి చెప్పింది.

"ఇవాళ ఒకబ్బాయి నన్ను రూమ్‌కి పిలిచాడు. పైనుంచి వచ్చినవాడు. మంచి సూట్ వేసుకున్నాడు. ఎంత మర్యాదో! నాకు కాఫీ తనే తెచ్చిచ్చాడు. రిపోర్ట్ చాలా బాగుంది డాక్టర్, ఒక్క పేరా తీసేస్తే ఈ నెలే రిలీజ్ చేసేద్దాం అన్నాడు."

"ఏ పేరా?"

"పసిపిల్లల పేరా."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పొలాల్లో వేసే ఎరువులు, కోళ్ళ ఫారాల పెంట వానకి నేలలోకి దిగుతాయి. దాంతో బోరు నీళ్ళలో నైట్రేట్ అనేది పెరుగుతుంది. రంగుండదు, వాసనుండదు. పెద్దవాళ్ళు ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు. అదే నెలల పిల్లకి ఆ నీళ్ళలో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు. పెదాలు నీలమైపోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. "అందరూ ఏమనుకుంటారంటే, కాచి పోస్తే సరిపోతుంది అనుకుంటారు. కాస్తే నీళ్ళు ఆవిరవుతాయి గాని అది పోదు. ఇంకా చిక్కబడుతుంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికే కదా అమ్మాయ్ నేనింత కాలం ఆ ఇళ్ళ చుట్టూ తిరిగింది!"

"తీసెయ్యడం ఎందుకట?"

"ఆ పేరా ఉంటే జనం భయపడతారట. పైవాళ్ళకి ఫోన్లు వస్తాయట. ఎరువుల వాళ్ళు, ఫారాల వాళ్ళు నొచ్చుకుంటారట."

"మీరేమన్నారు?"

"నో అన్నాను."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, కాఫీ తాగేసి వచ్చాను. తెచ్చిచ్చాడు కదా, తాగకపోతే బాగుండదు."

మా ఆయనా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆవిడా నవ్వింది. ప్రజాస్వామ్యం పాడవడం అంటే టీవీలో చూపించినట్టు కేకలూ తుపాకులూ ఉంటాయనుకున్నాను నేను. మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక్క పేరా తీసెయ్యమంటారని అనుకోలేదు.

సోమవారం ఆవిడ బ్యాడ్జ్ పని చెయ్యలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏళ్ళ తరబడి గుడ్ మార్నింగ్ చెప్పినవాడే, తల దించుకుని పక్కన నిలబడమన్నాడట. సెలవు మీద పంపేశారు. రిపోర్ట్ 'రివ్యూ'లోకి వెళ్ళింది. ఆ రివ్యూ ఎవరు చేస్తున్నారో, ఎప్పుడు అవుతుందో చెప్పే నాథుడు లేడు. అంతకన్నా ఆవిణ్ణి తినేసింది ఇంకొకటి. నీళ్ళిచ్చిన ఇళ్ళవాళ్ళకి విడిగా రిజల్ట్ చెప్పాలి కదా, అది కూడా ఆపేశారు. "మీ నీళ్ళలో ఏముందో ముందు మీకే చెప్తాను అని ఒక్కో గుమ్మంలో నిలబడి మాటిచ్చాను అమ్మాయ్. నా మొహం చూసి ఇచ్చారు వాళ్ళు" అంది. రిలీజ్ కాని రిజల్ట్ బయట చెప్తే నేరం అవుతుందని ఆవిడ పెట్టుకున్న లాయర్ హెచ్చరించాడు. తను చెప్తే, లోపల ఇంకా పనిచేస్తున్న జూనియర్ల ఉద్యోగాలు కూడా పోతాయేమోనని ఆవిడ భయం.

అయినా నమ్మకం చావలేదు. కంప్లయింట్ పెట్టింది. తన ఏరియా కాంగ్రెస్ మెంబర్, అంటే ఇక్కడి ఎంపీ, ఆఫీసుకి రోజూ వెళ్ళి కూర్చుంది. "ప్రాసెస్ అంటూ ఒకటి ఉంది. టైమ్ పడుతుంది అంతే" అనేది. మనకి వినాయకుడెలాగో ఆవిడకి ప్రాసెస్ అలాగ. నెలలు గడిచిపోయాయి.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో అందరూ తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ ఒకటి జరిగింది. ఆవిడ ఈ సంగతి ఎత్తగానే గదిలో సగం మంది పప్పు వేసుకోవడానికి లేచి వెళ్ళిపోయారు. ఒకాయన ట్యాక్స్ గురించి మాట్లాడ్డం మొదలెట్టాడు. చివరికి మా ఆయనే మెల్లగా అన్నాడు.

"మనకెందుకు ఆంటీ? ఎంతైనా మనం ఇక్కడ గెస్టులం."

ఆవిడ ప్లేటు కింద పెట్టింది. "నువ్వు గెస్ట్‌వేమో బాబూ. నీ కష్టం నాకు తెలుసు, నిన్ను అనను. నేను మాత్రం కాదు. చెయ్యెత్తి ఒట్టేసి మరీ చేరాను ఈ ఇంట్లో. ఇల్లు కారుతుంటే నేను కాక ఎవరు చెప్తారు?"

అంత గట్టి మాట ఆవిడ నోట తెలుగులో వినడం నాకదే మొదటిసారి. అన్నందుకు నొచ్చుకుని, వెళ్ళేటప్పుడు మా ఆయన చేత మిగిలిన బిర్యానీ అంతా కట్టించుకుని మరీ వెళ్ళింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ ఫోన్లో ఒక వాయిస్‌మెయిల్ వచ్చింది. నాకు వినిపించింది. డోనా అని, పరీక్షకి నీళ్ళిచ్చినవాళ్ళలో కోళ్ళ ఫారాల పక్కన బోరు ఉన్న ఇంటావిడ. "డాక్టర్, నేను అమ్మమ్మని కాబోతున్నాను. ఈ వారమే. మా అమ్మాయి నా దగ్గరే ఉంటుంది" అని సంతోషంతో గొంతు పగిలిపోతూ చెప్పింది. డోనా నీళ్ళ రిజల్ట్ ఆంటీకి కంఠతా వచ్చు. ఫోన్ పక్కన పెట్టి గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది.

"శనివారం ఖాళీయేనా అమ్మాయ్? నన్ను తీసుకెళ్ళాలి" అంది. కంటికి ఆపరేషన్ అయి అప్పటికి డ్రైవ్ చెయ్యడం లేదు ఆవిడ.

"మరి లాయర్?"

"కాగితం ఏమీ ఇవ్వను. నోటితో చెప్పి వచ్చేస్తాను."

బే అనే సముద్రపు పాయ మీద పెద్ద వంతెన దాటి, మొక్కజొన్న చేలల్లోంచి వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ చెప్పాల్సింది ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేసింది. డోనా, మీ నీళ్ళు పసిపిల్లకి పట్టొద్దు. సీసా నీళ్ళు కొనండి. కాచినా లాభం లేదు. ఎంత శుభ్రంగా వచ్చిందో! పరీక్షకి వెళ్ళే పిల్లలా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డోనా గేటు దగ్గరికే ఎదురొచ్చి కావలించుకుంది. పాప పుట్టేసింది. కూతురూ పాపా ఇంకా హాస్పిటల్లోనే ఉన్నారు, సోమవారం వస్తారు. పోర్చ్‌లో కుర్చీలు వేసి, మేం కూర్చునే లోపలే పెద్ద గాజు గ్లాసుల్లో ఐస్ టీ తెచ్చి మా చేతుల్లో పెట్టింది.

"మా బోరు నీళ్ళతో చేసిందే. ఈ రోడ్డులో ఇలాంటి టీ దొరకదు మీకు" అంది గర్వంగా.

నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ గ్లాసు వైపు చూస్తోంది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. డోనా ఎదురుగా నిలబడి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ, ఎలా ఉందో చెప్పమన్నట్టు మొహం పెట్టుకుని చూస్తోంది. ఆంటీ ఒక గుక్క తాగింది. "వెరీ నైస్" అంది. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. నోట్లోంచి వస్తున్నది ఇంగ్లీషే, కూర్చున్నది మాత్రం మా డైనింగ్ టేబుల్ దగ్గర ఉప్పు పప్పు తిన్న మనిషి.

గ్లాసు అయ్యాక చెప్దామనుకుందట. అయ్యే లోపలే డోనా మళ్ళీ నింపింది. పోయిన చలికాలంలో చనిపోయిన భర్త గురించి చెప్పి ఏడ్చింది. ఆంటీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇంతలో చర్చి వాళ్ళు పాప కోసం ఉయ్యాల, బట్టలు, కేకు పట్టుకుని ట్రక్కులో దిగారు. పోర్చ్ నిండిపోయింది. డోనా అందరికీ "ఈవిడే మా వాటర్ డాక్టర్" అని చూపించింది. మేం లేచి వచ్చేశాం.

కారులో గ్యాస్ కొట్టించడానికి ఆగినప్పుడు ఆవిడ నోరు విప్పింది.

"ఆవిడ చేతి టీ ఒళ్ళో పెట్టుకుని, నీ నీళ్ళు మంచివి కావు అని ఎలా చెప్పను అమ్మాయ్? నోరు రాలేదు."

"పోనీ ఆంటీ, పాప ఇంకా ఇంటికి రాలేదుగా. ఫోన్ చేసి చెప్పెయ్యండి."

"అది కాదు. నేను తాగాను. నాకేం కాదు కదా అని తాగాను. కానీ నేను తాగడం ఆవిడ చూసింది."

అక్కడే ఫోన్ చేసింది. డోనా ఎత్తలేదు. ఆ చర్చి హడావుడిలో వినపడి ఉండదు. మెసేజ్ పెట్టమన్నాను. రికార్డ్ అయ్యేది ఏదీ వద్దని లాయర్ చెప్పాడు అంది. "రేపు పొద్దున్నే చేస్తాను. ఇంగ్లీషులో, సూటిగా, రెండు ముక్కల్లో చెప్పేస్తాను." అంత పెద్ద ఆఫీసుని ఎదిరించి, ఒక గ్లాసు టీ ముందు ఓడిపోయానన్న సిగ్గు ఆవిణ్ణి కారు సీట్లో ముడుచుకుపోయేలా చేసింది. ఏదో ఒకటి అని ఓదార్చాను. ఏమన్నానో గుర్తు లేదు.

ఆదివారం పొద్దున ఆవిడ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

గురువారం ఫ్యునరల్ హోమ్‌లో అందరం కలిశాం. పాట్‌లక్‌లో లేచి వెళ్ళిపోయినవాళ్ళు కూడా వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. కొడుకు వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని వచ్చిన కాల్ అల్లా ఎత్తి అదే కబురు మళ్ళీ మళ్ళీ చెప్పినట్టున్నాడు. శనివారం నాటి మిస్డ్ కాల్ చూసుకుని చేసిన డోనాకీ అలాగే తెలిసింది. ఆ నాలుగు రోజుల హడావుడిలో డోనా సంగతి నాకు తట్టనే లేదు. డోనా నల్ల గౌను వేసుకుని, ఫాయిల్ కప్పిన వంటకం పట్టుకుని, అంత దూరం నుంచి ఒక్కతే డ్రైవ్ చేసుకుని వచ్చింది. మా అందరి మధ్య దిక్కులు చూస్తూ నిలబడి, నన్ను గుర్తుపట్టి నా దగ్గరికి వచ్చింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నాకు మాత్రం తెలుగులోనే గుర్తుండిపోయింది.

"రిజల్ట్ గురించి ఆవిడ ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! ఒక్కళ్ళూ చెప్పలేదు. ఆ రోజు ఆవిడ నా పోర్చ్‌లో కూర్చుని రెండు గ్లాసులు తాగింది. ఇంక నాకు కాగితం ఎందుకు? మా రోడ్డందరికీ అదే చెప్పాను, డాక్టరే తాగింది, మన నీళ్ళకి ఏం లేదు అని."

"పాప?" అన్నాను.

"ఇంటికి వచ్చేసింది. ఇంతే ఉంది, పిడికెడు. సీసా పాలే. అయినా మా అమ్మాయికి భయం ఎక్కువ, నీళ్ళు బాగా కాచి మరీ కలుపుతోంది."

నేను ఆవిడ చేతిలో పళ్ళెం తీసుకుని కుర్చీ మీద పెట్టాను. నేను సైంటిస్టుని కాను, సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసుకునేదాన్ని. అంకెలేవీ నాకు తెలియవు. కారులో ఆవిడ ప్రాక్టీస్ చేసింది మాత్రం తెలుసు. అదే చెప్పాను. ఆ నీళ్ళు పసిపిల్లకి పట్టొద్దు. సీసా నీళ్ళు కొనండి. కాచినా లాభం లేదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది.

డోనా నన్ను నమ్మలేనట్టు చూసింది. "ఆవిడ తాగింది కదా."

"పెద్దవాళ్ళకి ఏం కాదు. చెప్పడానికే వచ్చింది ఆ రోజు. చెప్పలేకపోయింది."

"ఎందుకు?"

మొహమాటం అనే మాటకి ఇంగ్లీషు వెతికాను. పొలైట్‌నెస్ అంటే అది కాదు. షై అంటే అసలే కాదు. చుట్టూ అంత మంది తెలుగువాళ్ళం ఉన్నాం, ఇరవయ్యేళ్ళుగా ఇంగ్లీషులో బతుకుతున్నాం, ఒక్కరి దగ్గరా ఆ మాట ఉండదు. చివరికి, "మీరు మీ చేత్తో ఇచ్చారు. అందుకని తాగింది" అన్నాను.

డోనా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అక్కడే, అందరి మధ్యా, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఫోన్ తీసి కూతురికి కలిపింది.

"బేబీకి ఇప్పుడు సీసా ఇస్తున్నావా? ఆపు. పారబొయ్యి. షాపుకి వెళ్ళి నీళ్ళు కొనుక్కురా. కాదు, కాచినా వద్దు."

అవతల ఆ అమ్మాయి గొంతు నాకు కూడా వినిపించింది. ఎవరు చెప్పారమ్మా అని అడుగుతోంది.

డోనా నా వైపు చూసింది. తర్వాత దండ వేసిన ఫోటో వైపు చూసింది.

"డాక్టర్ చెప్పింది" అంది.